పిన్నీసుతో పొడిచిన జెట్టు

పోయిన వారం బెంగళూరు నుంచి ఒకాయన, తన పాత విదేశీ కారు నల్లపొగ కక్కుతా ఉందని, మదనపల్లెలో మా ఇల్లు వెదుక్కుంటూ వచ్చి, ఆ ఎనిమిది సిలిండర్ల ఇంజనుకు ఏ సైజు జెట్లు వేయాలో చెప్పమని నా అరచేతిలో రెండు రకాలు పెట్టినాడు. శనగ్గింజంత ఇత్తడి ముక్కలు, నడుమ పెట్రోలు పోయే సన్న బెజ్జం, పక్కన నెంబరు. 

నాకు పుంగనూరులో షెడ్డున్న రోజుల్లో, బెల్లం మండీ సావుకారికి అట్లాంటి కారే ఉండేది. పెట్రోలు నీళ్లలా తాగుతోందని ఆయన బాధపడితే, ఇంజనుకు పెట్రోలు, గాలి కలిపి పంపే కార్బురేటర్‌లో పెద్ద జెట్లు తీసి చిన్నవి వేసినాను. ఊరి వీధుల్లో పొగ లేకుండా మెత్తగా తిరిగింది. జెట్టు మారిస్తే బరువెక్కించి ఎత్తుగా ఎక్కే మిట్టమీద తోలి చూడాలని నాకు పని నేర్పిన మేస్త్రీ చెప్పిన మాట, సావుకారు మెచ్చుకున్న సంతోషంలో మరిచిపోయినాను.

మర్నాడే కబురొచ్చింది. మొదటి కాన్పుకు శాంతిపురం పుట్టింటికి పోయిన నా భార్యకు నొప్పులు మొదలైనాయని, బిడ్డ అడ్డం తిరిగిందని, కుప్పం డాక్టరమ్మ వెంటనే మదనపల్లెకు తీసుకుపొమ్మందని. సావుకారు కారు తాళం నా చేతిలో పెట్టినాడు. పోయేటప్పుడు ఖాళీ కారు బాగానే పోయింది. తిరిగొచ్చేటప్పుడు, ఆమెను వెనక సీట్లో పడుకోబెట్టి, అత్తామామల్ని ఎక్కించుకుని పలమనేరు దాటినాక, మిట్ట సగం ఎక్కి ఇంజను తుమ్ముతా తుమ్ముతా నిలిచిపోయింది. చిన్న జెట్లతో పెట్రోలు చాలలేదు. పెద్దవి పుంగనూరు షెడ్డులో డబ్బాలో ఉన్నాయి.

"ఇంత కారుండాది, ఎద్దులబండి మేలు గదప్పా," అన్నాడు మామ.

 నేను చేతులు కాలుతున్నా కార్బురేటర్ విప్పి, జెట్టు బెజ్జం పెద్దది చేద్దామని కంపముల్లుతో పొడిస్తే ముల్లు విరిగింది. ఇంకో ముల్లూ విరిగింది. లోపల ఆమె అరుపు. అంత నొప్పిలోనూ ఆమె తాళికి గుచ్చుకున్న పిన్నీసు తీసి కిటికీలోంచి చెయ్యి చాపింది.

"దీన్తో పొడుసు. తాళిలోదని సూడొద్దు."

పిన్నీసు వంకరపోయేదాకా తిప్పినాను. నల్లపొగ కక్కుకుంటా కారు మిట్ట ఎక్కింది. షెడ్డు ముందరే పోయినా నిలపలేదు. ఆసుపత్రిలో ఆమె దక్కింది, బిడ్డ దక్కలేదు. కాస్త ముందొచ్చి ఉంటే, అని మాట మధ్యలోనే ఆపేసింది అక్కడి డాక్టరమ్మ. చిన్న జెట్లు వేసింది నేనేనని ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

బెంగళూరాయనకు పెద్దవే వేసుకోమని, పొగొచ్చినా కారు మిట్ట ఎక్కాలని చెప్పి పంపించినాను. మా మాటలన్నీ విన్న నా భార్య, కాఫీ గ్లాసులు తీసుకుపోతా గడప దగ్గర నిలబడింది. ఆమె తాళికి ఆ వంకర పిన్నీసు ఇప్పటికీ ఉంది.

"ఆ పొద్దు సిన్నవి ఏసింది నువ్వే గదా," అనింది.

దానికి జవాబే ఇట్లా రాస్తున్నాను. ఇప్పటి కార్లలో జెట్లు లేవు, మిట్టకెంత పెట్రోలు కావాలో అవే చూసుకుంటాయి. మంచిదే. ఆ రోజుల్లో మాత్రం ఆ కొలత నా చేతిలో ఉండేది.