ఎనిమిదో గొట్టం దగ్గర

నీళ్ళ పరీక్షల ల్యాబులో ఆవిణ్ణి అందరూ చుక్కలమ్మ అనేవారు. ఇరవై ఆరేళ్ళుగా గాజు గొట్టాల్లో మందు చుక్కలు కొలిచి వేయడమే పని మరి! చేయి తిరిగిన మనిషి. కోపం ముక్కు మీదే ఉంటుంది, అది వేరే సంగతి.

బల్లకి అవతల అక్క కూర్చునేది. తోడబుట్టింది కాదు, అంతకంటే ఎక్కువ. ఇద్దరికీ ఎనిమిదేసి గొట్టాల వరస. ఎనిమిదోది కాగానే తలెత్తి చూడాలి, అవతలి మనిషి ముగించేదాకా ఆగాలి, అప్పుడే తర్వాతి వరస. "తొందరపడితే గొట్టం తప్పుతావే పిల్లా" అనేది అక్క. రెండేళ్ళ క్రితం అక్క పోయింది. స్టూలు మిగిలింది. దాని మీద ఎవరైనా సంచీ పెడితే చుక్కలమ్మ ఇంతెత్తున లేచేది.

ఈమధ్య ల్యాబుకొచ్చిన కుర్ర ఇంజనీరమ్మ పాత ప్రింటర్ల మోటార్లతో, ప్లాస్టిక్ ముక్కలతో ఒక యంత్రపు చేయి చేసింది. బయట కొనాలంటే కళ్ళు తిరిగే ధర. చుక్కలమ్మ చేతికి కదలికలు పసిగట్టే పట్టీ కట్టి, వారం రోజుల పాటు ఆ కదలికలన్నీ దానికి నేర్పింది.

మొదటిరోజు యంత్రం ఎనిమిది గొట్టాలు నింపి కాసేపు ఆగింది. చుక్కలమ్మ చేతిలో పని వదిలేసి దాన్నే చూసింది.

"ఇక్కడెందుకు ఆగుతోంది పిన్నీ? మందు కలవడానికా?" అంది ఇంజనీరమ్మ.

"ఆఁ... అందుకే."

ల్యాబులో ఆవిడ ఆడిన మొదటి అబద్ధం అది. ఏం చేస్తుంది పాపం! ఇంటికి వెళ్తే పలకరించే దిక్కు లేదు. ఇక్కడ ఒక చేయైనా అక్క కోసం ఆగుతోంది. నెలంతా అది చూడటానికే పెందలాడే వచ్చింది.

ఈలోగా పరీక్షకొచ్చిన నీళ్ళ సీసాలు గుమ్మందాకా పేరుకున్నాయి. ఈ నత్తనడక మారకపోతే యంత్రం అటకెక్కాల్సిందేనని పై అధికారి తేల్చేశాడు. ఇంజనీరమ్మ తల పట్టుకు కూర్చుంది. ఆ సీసాల్లోవి ఎవరో తాగుతున్న నీళ్ళే కదా. చుక్కలమ్మ ఉండబట్టలేకపోయింది.

"ఆ ఆగడం అక్కర్లేదమ్మా. మా అక్క కోసం ఆగేదాన్ని. అలవాటు పోలేదు."

ఇంజనీరమ్మ స్టూలు వైపు చూసింది. "పోనీ ఉంచేద్దాం పిన్నీ. ఇంకేదైనా దారి..."

"దారీ లేదు, నీ మొహమూ లేదు. తీసెయ్."

తీసేసింది. యంత్రం చకచకా సాగింది. ఎనిమిదో గొట్టం కాగానే చుక్కలమ్మ తలెత్తి స్టూలు వైపు చూసింది. మళ్ళీ తల తిప్పేసరికి యంత్రం పన్నెండో గొట్టంలో మందు వేస్తోంది.