ఇనుము సప్పుడు

మీరెవరో నాకు తెల్వదు. అందుకే మీకు చెప్తున్న. తెలిసినోళ్లకు చెప్పాలని ఎనిమిదేండ్లు చూసిన. నోరు రాలే. అన్నం ముందట కూసున్నప్పుడు, బస్సుల పోతున్నప్పుడు, ఎవలన్న నన్ను మంచోడు అన్నప్పుడు, ఒక బరువు వచ్చి ఛాతి మీద కూసుంటది. ఒక మనిషి చావుల నా చెయ్యున్నది. ఆయన చచ్చినంక పోయిన ఇజ్జత్‌ల కూడ నా చెయ్యున్నది.

నాకు గోదావరిఖనిల రేడియోలు, టీవీలు బాగుచేసే దుకాణం ఉండేది. రాష్ట్రం రాకముందటి ముచ్చట. కొత్త టీవీలు అగ్వకు దొరుకుడు మొదలైనంక పాతయి బాగు చేయించుకునేటోళ్లు తగ్గిన్రు. ఆ దినాలల్లనే హైదరాబాదు నుంచి ఒక సేటు ఫోన్ చేసిండు. భూమిల బంగారం ఉంటె కూసే మిషిన్లు అమ్ముతడు ఆయన. పొడుగు కర్ర, కొసకు పళ్లెం లెక్క గుండ్రటి చట్రం. కొత్త మోడల్ వచ్చిందట. అందుకని పాత మోడల్ ధర సగానికి దించిండట. అయినా ఎవలూ కొంటలేరని నెల తిరగకముందే మల్ల దించిండట. మీ దిక్కు గోదావరి ఉన్నది, వాగులున్నయి, ఎవడో ఒకడు కొంటడు తీస్కపో అన్నడు. పోయి ఒకటి తెచ్చిన.

ఇంటెనుక జాగల పరీక్ష చేసిన. నా భార్య ఉంగరం మట్టిల పెట్టి చూస్తె చిన్నగ, సాఫుగ ఒక్క కూత కూసింది. ఇనుప చువ్వ పెట్టి చూస్తె కూత వెడల్పుగ వచ్చి, నడుమ తెగి, మల్ల వచ్చింది. ఏమీ పెట్టకున్నా ఎర్రరాళ్ల మీద కూసింది. ఎండల జర సేపు ఉంచితె దానంతటదే గుంయ్ మనుడు షురూ చేసింది. సేటుకు ఫోన్ చేసి అడిగిన. ఏది ఇనుమో ఏది బంగారమో కొత్త మోడల్ అయితె తెర మీద చూపెడతది, పాతదానికి ఆ తెలివి లేదు, నువ్వు ఆ ముచ్చట ఎత్తకు అన్నడు.

నేను ఎత్తలే.

అంటె నాకు తెలుసు. తెల్వక చేసిన అని నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్ననో లెక్కలేదు. అబద్ధం. మొదటి రోజు నుంచి తెలుసు.

దాన్ని కొన్నది ఓదెలు కాక. మా గల్లి మనిషే. ముప్పై ఏండ్లు బొగ్గు బాయిల పనిచేసి రిటైరయిండు. బొగ్గు తీసిన జాగల పైకప్పు కూలకుండ దుంగలు నిలబెట్టుడు ఆయన పని. కట్టెతోని పైకప్పును కొట్టి, సప్పుడు విని, ఇక్కడ నిలవద్దు అంటె తోటోళ్లు మారు మాట లేకుండ ఎనుకకు జరిగేటోళ్లట. బాయిల నుంచి ఒక్క మేకు ఇంటికి తెచ్చిన మనిషి కాదు. ఆయన నాయిన వానలు తగ్గినంక వాగుల ఇసుక కడిగి బంగారం రవ్వలు తీసేటోడు. ఆ రవ్వలు నాలుగైదు చిన్న సీసల పెట్టుకొని కాక అందరికి చూపెట్టేటోడు. అది కాకిబంగారం అని జనం నవ్వేటోళ్లు. చచ్చేలోపల జొన్నగింజంత బంగారమన్న తీసి, మా నాయిన అబద్ధమాడలేదని ఈళ్లకు చూపెట్టాలె అనేటోడు.

మిషిన్ ఇంత అగ్వకు ఎట్ల వచ్చింది అని అడిగిండు. తయారుచేసేటోళ్లు పండుగకు తగ్గించిన్రు అని చెప్పిన. సంబరపడ్డడు.

నెల దినాలు వాగు పొంట తిరిగిండు. ఒకనాడు పొద్దుగాల దుకాణం తెరవంగనే వచ్చి నిలబడ్డడు.

"బిడ్డా, మూసేసిన పాత బాయి దిక్కు, వాగొడ్డుకు ఒక జాగల గట్టిగ కూస్తున్నది."

"ఎట్ల కూస్తున్నది కాకా?"

నోటితోని చేసి చూపెట్టిండు. కూ అని వెడల్పుగ అందుకున్నడు, నడుమ తెంపిండు, మల్ల అందుకున్నడు. సప్పుళ్లు విని బతికిన మనిషి. ఇసుమంత తేడా లేదు. మా ఇంటెనుక ఇనుప చువ్వ మీద నేను విన్న కూత అదే.

"నాకైతె అనుమానమున్నది," అన్నడు. "కింద పాత బొగ్గుబండ్ల పట్టాలు గిట్ల ఉండచ్చు. నేల సుత కుంగి ఉన్నది అక్కడ. నువ్వు ఇనుమంటె చెప్పు, మిషిన్ నీకిచ్చి ఊకుంట."

"చిన్న దానికి అంత పెద్ద కూత రాదు కాకా. లోతుల ఉన్నట్టున్నది. బంగారమే. తవ్వు."

"అంతేనంటవా?"

"అంతే."

నా మొఖం దిక్కు జర సేపు చూసిండు. తల ఊపి, చాయ్ తాగు అంటె కూడ తాగకుండ పోయిండు.

ఎందుకు చెప్పిన గట్ల? మిషిన్ వాపసొస్తె నా దుకాణంల మూలకు పడుంటదని. ఆ ముచ్చట గల్లీల తెలిస్తె ఇంకో ఇద్దరు అడిగినోళ్లు కొనరని. సేటు మిగిలినయి ఇంకా అగ్వకు ఇస్తనన్నడు, అవి సుత తెచ్చి అమ్ముకోవచ్చని. ఇవన్ని నేను తర్వాత ఎతికి ఎతికి తీసిన కారణాలు. ఆ నిమిషానికి మాత్రం ఏ కారణం అనుకున్నట్టు యాదికి లేదు, నోరు తెరిస్తె ఆ మాటే వచ్చింది, నాకు అది అలవాటైన మనిషి మాట లెక్కనే వినపడ్డది. గట్లాంటి మనిషినా నేను? అప్పటికే అయిపోయిన్నా?

నేల కుంగి ఉన్నదని ఆయన చెప్పిండు. ఆ మాట నేను విన్న. వినలేదని అనలేను.

మూడు దినాలు మనసు కుదురుగ లేదు. మూడోనాడు మధ్యాహ్నం స్కూటర్ తీసుకొని పోయిన. ముండ్ల తీగ కంచె, దగ్గరికి రావద్దని బోర్డు. తీగ ఒక దగ్గర వంగి ఉన్నది. తుమ్మచెట్టు కింద కాక చెప్పులు, పక్కకు టిఫిన్ గిన్నె. మూత తియ్యలే. కొమ్మకు ఆనిచ్చి మిషిన్. అది బందు చేసి లేదు. ఎండకు గుంయ్ మంటున్నది. మనిషి లేడు. అక్కడ గుంత కూడ లేదు. పచ్చి మట్టి మాత్రం ఒక గుండం లెక్క లోపలికి దిగి ఉన్నది, దాని అంచు నుంచి ఇంకా సన్నగ మట్టి రాలుతున్నది.

"కాకా" అని పిలిచిన. ఒక్కసారే.

మిషిన్ సప్పుడు బందు చేసిన. అది నా దుకాణం నుంచి పోయిందని అందరికి తెలుసు. పోలీసులు వస్తె మొదలు నన్నే అడుగుతరు. ఇదొక్కటే వచ్చింది నా తలకాయల. దాన్ని గోనెసంచిల చుట్టి, స్కూటర్ మీద పెట్టుకొని ఇంటికి పోయిన. అటుక మీద దాచిన. మొఖం కడుక్కున్న. మల్ల ఎనుకకు వచ్చి, రోడ్డు మీద చాయ్ హోటలాయనతోని, ఆడ ఎవరివో చెప్పులున్నయి, మట్టి దిగబడి ఉన్నది, జర చూడుండ్రి అన్న. అప్పుడే చూసినట్టు చెప్పిన.

నడుమల గంట పోయింది.

బాయి రెస్క్యూవోళ్లు వచ్చి పొద్దుగూకేసరికి తీసిన్రు. ఎంతసేపటికి పాణం పోయిందో దవాఖానల ఎవలన్న చెప్పిన్రో లేదో నాకు తెల్వదు. నేను అడగలే. అడిగితె చెప్తరని భయం.

ఆయన మీద మట్టి తీస్తుంటె పాత పట్టా కొస తేలింది. గడ్డపార ఉన్నది, పార ఉన్నది, ఇనుము ఉన్నది. మిషిన్ లేదు. ఇంక చూసినోళ్లు ఏమనుకుంటరు? పాత ఇనుము దొంగతనానికి పోయి చచ్చిండు అన్నరు. పోలీసు కాయితాలల్ల సుత గట్లనే రాసిన్రు.

దినాలు కాంగనే ఆయన భార్య, లచ్చమ్మ చిన్నమ్మ, నా దుకాణానికి వచ్చింది. ఆయన దగ్గర మిషిన్ ఉండాలె కద బిడ్డా, అది ఏమైంది అని అడిగింది. పాణం పోయే ముందటినాడే నాకు వాపసిచ్చిండు చిన్నమ్మా అని చెప్పిన. నమ్మింది. నమ్మి, తలకాయ దించుకొని పోయింది. ఆమె అట్ల తలకాయ దించుకునుడు నేను చూసిన. అప్పుడన్న చెప్పచ్చు కద? చెప్పలే.

వాళ్ల కొడుకు సారయ్య బాయి డ్యూటీకి పోతె ఇనుప దొంగ కొడుకు అని ఎనుక నుంచి అనేటోళ్లు. రెండేండ్లు ఓర్చుకున్నడు. తర్వాత బెల్లంపల్లికి బదిలీ చేయించుకొని తల్లిని తీసుకపోయిండు. సేటు ఒకసారి ఫోన్ చేసి, ఆ మోడల్ ఇంకా దిగింది, ఎన్ని కావాలె అన్నడు. ఫోన్ పెట్టేసిన. అటుక మీది మిషిన్‌ను విప్పి, ముక్కలు చేసి, చెత్తల కొద్దికొద్దిగ పారేసిన. దుకాణం సుత అమ్మేసిన.

రాష్ట్రం వచ్చింది. గోదావరిఖనిల అందరు రంగులు చల్లుకొని ఎగిరిన్రు. నాకు సుత ఎవరో మొఖానికి రంగు రుద్దిన్రు. అయినా నా లోపల ఏమీ మారలే. మొన్న బెల్లంపల్లికి పోయిన. సారయ్య డ్యూటీల ఉన్నడు. చిన్నమ్మ ఒక్కతే వాకిట్ల కూసోని చింతపండు గింజలు తీస్తున్నది. మొత్తం చెప్పిన. కూత సంగతి, గోనెసంచి సంగతి, గంట సంగతి.

"నువ్వు పోయినప్పుడు ఆయన పాణంతోని ఉండెనా?" అని అడిగింది.

"తెల్వదు చిన్నమ్మా."

చేతులు గింజల మీదనే ఆగిపోయినయి.

"ఎనిమిదేండ్లు నేను ఆయనను దొంగ అనుకున్న," అన్నది. "కట్టుకున్నదాన్ని, నేను సుత అనుకున్న."

తర్వాత నా దిక్కు చూడకుండ అన్నది. "నాకొక్కదానికి చెప్పి పోతె ఎట్ల? నలుగురు సదివేటట్టు రాయి." మంచినీళ్లు తాగుమనలే. నేనూ అడగలే. లేచి వచ్చిన.

అందుకే రాస్తున్న. సారయ్య ఇది సదివి నా ఇంటి ముందటికి వస్తె, నేను తలుపు తీస్త. ఏమన్నా పడత. కింద నా పేరు పెట్టడానికి మాత్రం చెయ్యి ఇంకా వస్తలేదు. గీ పిరికితనం సుత నాదే, దాన్ని దాస్తలేను. ఇప్పటికైతె ఇది రాస్తున్న: ఓదెలు ఇనుము కోసం పోలేదు. బంగారమని నేను చెప్పితె పోయిండు. ఆయన దొంగ కాదు.

ఈ మాట కాయితం మీద పెట్టి, కలం పక్కకు పెట్టిన. ఎన్నేండ్లకో గుండెల నిండ ఊపిరి తీసుకున్న.