కప్పు లేని కారు

పాత తోలు సీట్ల వాసన ఎక్కడ తగిలినా నాకు నాయన మొదటి కారు గుర్తొస్తుంది. ధర్మవరంలో పట్టుచీరలు అమ్మే నాయన, పంతొమ్మిది వందల అరవైలలో బెంగుళూరు నుంచి ఒక పాత స్పోర్ట్స్ కారు తెచ్చాడు. ఎర్రటి కారు, రెండే సీట్లు, పైన కప్పు లేదు. అది దారిలో ఎక్కడో ఎగిరిపోయిందనుకున్నాను.

అవ్వ మొదట ఎక్కనంది. "మొగుడు పోయినదాన్ని, ఊరంతా సూస్తారప్పా."

"సూడనీలేమ్మా" అంటూ నాయన ఆమెను కూర్చోబెట్టి, నన్ను ఆమె ఒళ్లో ఉంచాడు.

పెనుకొండ దారిలో కారు వేగం అందుకుంది. అవ్వ తల మీది కొంగు గాలికి జారిపోయింది. ఆమె సర్దుకోలేదు. తలెత్తి చూస్తే ఆమె చెంపల మీద నీళ్లు. నాకు భయమేసింది.

"నాయనా, కారు ఆపు! అవ్వ ఏడుస్తాండాది!"

"నేనెందుకు ఏడుస్తానే? గాలికి నీళ్లొస్తాండాయి. ఆపొద్దురా, ఇంగా బిరబిరా పోనీ!" అని అవ్వ పగలబడి నవ్వింది.

పెనుకొండలో నాయన కారు వెనక్కి తిప్పబోతే, "హిందూపురం దాకా పోదాం పా" అంది.

అంత ముసలామె అలా నవ్వడం చూసి నేను ఆశ్చర్యపోయాను. అప్పటికి అవ్వకు యాభై కూడా నిండలేదని, నేను అరవై దాటాక గాని నాకు తట్టలేదు.