కొసరు ప్యానెల్ వద్దన్న నా పిట్ట

పిట్టా...

నిన్న పొద్దున నీకు డబ్బా కడుతున్నాను. మెత్తగా వండిన అన్నం, పెసరపప్పు. హాస్పిటల్ నుంచి మీ బాపు ఫోన్ చేశాడు. నా పేరు పిలిచాడు. ఆ తర్వాత ఏడుపే వినబడింది.

గరిటె నా చేతిలోనే ఉంది.

జ్వరం తగ్గుతోందని మొన్న సాయంత్రం నువ్వే అన్నావు కదా బిడ్డా.

తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను. పిట్ట అంటే మా బిడ్డ మౌనిక. చిన్నప్పుడు గోడలెక్కేది, అందుకే పిట్ట అన్నాం. పెద్దయ్యాక మిద్దెలెక్కింది. ఇళ్ల మీద సోలార్ పెట్టే పని తనది. నిచ్చెన వేస్తే, మిగతా వాళ్లు చెప్పులు విప్పేలోపే తను పైన ఉండేది.

నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని. ఫోన్లో ఇలా రాయడం తనే నేర్పింది. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

తన గురించి ఒక్క సంగతి చెప్పాలని ఉంది.

రెంజల్లో మా అన్న ఇంటి మీద సోలార్ పెట్టింది నా బిడ్డే. ఆ రోజు నేనూ వెంట వెళ్లాను. ఇన్వర్టర్‌కు లెక్క చూసి తొమ్మిది ప్యానెళ్లు చాలంది. మా అన్న మాత్రం పదోది కూడా తెచ్చి పెట్టుకున్నాడు. ఫ్రేము గీసుకుపోయి అమ్ముడుపోని ప్యానెల్ ఒకటి ఉంటే, షాపాయన దగ్గర కదలకుండా కూర్చుని దాన్ని కొసరుగా వేయించుకున్నాడు.

"నా పసుపు అమ్మితే సంచికో దోసెడు కొసరు గుంజుకుంటరు. నేను కొన్ననాడు నాకు కొసరు వద్దా?" అన్నాడు.

మా అన్న మాట కూడా నిజమే. పసుపు పండించే వాళ్లకు ఆ బాధ తెలుసు.

కానీ ప్యానెళ్లను ఒకదాని వెనక ఒకటి వరసగా కలిపితే వోల్టేజ్ కూడుతూ పోతుందట. ఆ ఇన్వర్టర్ ఐదు వందల వోల్టుల దాకానే తట్టుకుంటుంది. దాటితే లోపల కాలిపోతుంది.

"ఎండకాలం ఏం గాదు మామా. చలికాలం పొద్దుగాల ప్యానెల్ సల్లగుంటది. గప్పుడే వోల్టేజ్ పెరుగుతది. పది కలిపితే ఐదు వందలు దాటుతది" అంది నా బిడ్డ.

"ఎండతోని నడిచేదానికి సలితోని ఏం పనే కోడలా?"

చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. తనూ నవ్వింది. కానీ వైరు మాత్రం ముట్టుకోలేదు.

"చెరుకు బండికి ఇరుసు ఎంత మోస్తదో గంతే ఎత్తాలె గద మామా."

"నేనైతే ఎప్పుడైనా ఓ మోపు ఎక్కువనే ఎత్తిన."

"గందుకే బోధన్ తొవ్వల ఇరుసు ఇరిగి కూసున్నవట. అమ్మ చెప్పింది."

అందరూ నా వైపు చూశారు. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

మా అన్న అలిగాడు. అన్నానికి పిలిస్తే రాలేదు, వెళ్లి పసుపు కుప్ప దగ్గర కూర్చున్నాడు. నాకు భయమేసింది. "ఒక్కటే గద, కలిపెయ్యవే. మేనమామ" అని బిడ్డ చెవిలో చెప్పాను.

"మామ అలిగితే బతిమిలాడుకుంట. ఇన్వర్టర్ అలిగితే నాతోని గాదమ్మా" అంది.

తొమ్మిదే కలిపింది.

పదో ప్యానెల్‌ను ఊరికే వదిలేయలేదు. దానికి వేరేగా చిన్న బ్యాటరీ, కంట్రోలర్ పెట్టి, కొట్టంలో బర్రెల మీద ఫ్యాన్ తిప్పింది. ఆ చప్పుడు విని మా అన్న లేచి వచ్చాడు. చాలాసేపు పైకే చూశాడు.

"నా కొసరు బర్రెలకు పాయెనా?"

"అవన్న సల్లగుంటయి మామా. ఇగ లే, ఆకలైతుంది."

అప్పటిదాకా తనూ తినలేదు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తిన్నారు.

ఇంట్లో కూడా అంతే. నేను ఇంకో గరిటె వేయబోతే కంచం మీద చేయి అడ్డం పెట్టేది. "నా ఇన్వర్టర్ పట్టదమ్మా" అనేది. పని మీద ఉంటే మధ్యాహ్నం తిండే మరచిపోయేది. కట్టిచ్చిన డబ్బా సాయంత్రం అలాగే ఇంటికొచ్చేది. ఎంత తిట్టానో.

నిన్న మా అన్న రెంజల్ నుంచి వచ్చాడు. నా బిడ్డ తల దగ్గర కూర్చున్నాడు. వచ్చిన వాళ్లందరికీ వినబడేలా చెప్పాడు.

"మొన్న చలికాలం దినాం పొద్దుగాల లేసి ఇన్వర్టర్ అద్దంల నంబర్లు సూసేటోణ్ని. తొమ్మిది ప్యానెళ్లకే నాలుగు వందల అరవై వోల్టుల దాక పోయింది. పదోది కలిపితే దాటుతుండె. నా కోడలు నా మాట ఇనలే. ఇనకపోవుడే మంచిగాయె."

"గీ మాట దానికి చెప్పినవా అన్నా?" అని అడిగాను.

"గప్పుడే ఫోన్ చేసి చెప్పిన. బర్రెలు ఎట్లున్నయి మామా అని నవ్వింది."

అది విన్నాక నా గుండె కొంచెం కుదుటపడింది.

కంఠేశ్వర్ నుంచి కోటగిరి దాకా ఎన్ని మిద్దెల మీద నా బిడ్డ చేతి పని ఉందో నాకు తెలియదు. ఈ రోజు కూడా ఎండ వచ్చింది. అవన్నీ నడుస్తూనే ఉంటాయి. పొద్దున బయటికి వచ్చి మిద్దెల వైపు చూశాను. ఏడుపు వచ్చింది, కానీ తల దించుకోలేదు. నేను మౌనిక వాళ్ల అమ్మను.

పోయిరా పిట్టా. ఇక నిచ్చెన ఎక్కే పని లేదు. ఎక్కడున్నా నీడపట్టున, నిమ్మళంగా ఉండు.

ఇది చదివిన వాళ్లకు ఒక్క మాట. ఇన్వర్టర్‌కు కొసరు వద్దు, నా బిడ్డ చెప్పినట్టే చేయండి. అన్నం దగ్గర మాత్రం నా మాట వినండి. అమ్మ ఇంకో గరిటె వేస్తే కంచం మీద చేయి పెట్టకండి.

వేళకు తినండి. కడుపునిండా తినండి.