నీలం ఏటికి డబ్లిన్ రాహుకాలం

ఆగస్టు, శనివారం. కోస్టారికా, అగ్నిపర్వతం కింది అడవి. ఉన్నవాళ్లు: నేను, మా అమ్మాయి, అల్లుడు, పదకొండేళ్ల మనవరాలు.

అమ్మాయి ఐర్లండ్‌లో, స్లైగో ఆసుపత్రిలో నర్సు. నేనూ వాళ్లతోనే ఉంటాను. మా వంటింటి అలమారా తలుపు మీద ఆమె అంటించిన ఫోటో ఒకటి ఏళ్లుగా ఉంది. చిక్కటి అడవిలో లేత నీలం ఏరు, అందులోకి దూకే జలపాతం. రాత్రి డ్యూటీ నుంచి వచ్చి టీ మరుగుతుండగా దాన్నే చూస్తూ నిలబడేది. ఆ ఏరు చూడాలని సెలవులు కూడబెట్టి అందరినీ ఇంత దూరం తీసుకొచ్చింది. ఆదివారం మధ్యాహ్నం తిరుగు ప్రయాణం.

మధ్యాహ్నం వాన కురుస్తుందని, కురిస్తే ఆ నీలం ఉండదని బసలోవాళ్లు ముందే చెప్పారు. అయినా అల్లుడు ఫలహారాన్ని నాలుగు వైపులా ఫోటోలు తీసి తినేసరికి తొమ్మిది దాటింది. ఆ తర్వాత ఫోన్ చూసి, "మామయ్యగారూ, ఇంకాసేపట్లో రాహుకాలం. పదకొండున్నర దాకా కదలొద్దు" అన్నాడు.

"రెండు గంటల రాహుకాలమా?"

"యాప్‌లో అదే ఉందండీ."

అమ్మాయి బూట్లు వేసుకుని గుమ్మంలో ఉంది. "పేషెంటుకి ఊపిరాడకపోతే రాహుకాలం అయ్యాక వస్తానంటానా?" అంది.

"పిల్లతో అడవిలోకి వెళ్తున్నాం. ఆసుపత్రి వేరు, ఇది వేరు."

పిల్ల పేరెత్తాక ఆమె బూట్లు విప్పేసింది. పదకొండున్నర దాకా కూర్చున్నాం. దారిలో, కారులో అల్లుడి ఫోన్ అడిగి తీసుకుని చూశాను. పైన ఊరి పేరు డబ్లిన్, ఐర్లండ్ అని ఉంది. రాహుకాలం ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరి పగటిని బట్టి లెక్కగట్టాలి. అక్కడ రాత్రి తొమ్మిదికి గానీ పొద్దు గూకదు, ఇక్కడ ఆరింటికే చీకటి. ఇక్కడి రాహుకాలం పదింటికే అయిపోయింది. ఆ మాట చెబితే అల్లుడు, "లొకేషన్ మార్చడం మర్చిపోయానండీ" అని నవ్వాడు.

అడవిలో అడుగుపెట్టగానే వాన. బసలో అద్దెకిచ్చిన రబ్బరు బూట్లలో ఎవరిదో చెమట ఇంకా తడిగా ఉంది. మేజోళ్లలోంచి అది కాళ్లకి అంటుకుంటోంది. నేలలోంచి కుళ్లిన కోడిగుడ్డు కంపు. మెట్ల మీద జనం దారి వదలకుండా ఫోన్లెత్తి నిలబడ్డారు. వాళ్ల చంకల కింద నుంచి దూరి దిగాం. కింద జలపాతం బురదై దూకుతోంది.

"తాతయ్యా, వీ హావ్ దిస్ ఎట్ హోమ్," అంది మనవరాలు. స్లైగో చుట్టుపక్కల వాగులు వాన పడితే అదే రంగు.

అమ్మాయి రెయిలింగ్ పట్టుకుని చూస్తూ ఉండిపోయింది. అల్లుడు ఆమె భుజం తట్టి, "ఫోటోలో కలర్ మార్చేద్దాంలే" అన్నాడు. అన్నట్టే చేశాడు. బస చేరేలోపు బురదని నీలం చేసి స్లైగో తెలుగువాళ్ల గ్రూపులో పెట్టాడు. "సూపర్ అన్నా" అని వరసగా జవాబులు. రాత్రి భోజనం దగ్గర వాటిని పైకి చదివి వినిపిస్తుంటే నేను పళ్లెం పక్కకి నెట్టాను.

మర్నాడు తెల్లవారుతుండగా అమ్మాయి తలుపు తట్టింది. "నాన్నా, వస్తారా?"

అడవి గేటు తీయగానే లోపలికి వెళ్లాం. కంపు అలాగే ఉంది, బూట్లూ అవే. రాత్రికి రాత్రే ఏరు తేరుకుంది. అలమారా మీది ఫోటో కంటే కాస్త పాలిపోయిన నీలం. అమ్మాయి చేతులు కట్టుకుని చాలాసేపు చూసింది. ఫోన్ సంచిలోంచి తీయలేదు.

వచ్చేసరికి అల్లుడు పెట్టెలు సర్దుతున్నాడు. "నీలంగా ఉందా? ఫోటో ఏదీ?"

"నువ్వు నిన్ననే పెట్టేశావుగా," అని అమ్మాయి బూట్లు కడగడానికి వెళ్లింది.