యమునాబాయి సాంబ్రాణి, చంద్రభాగ నీలగిరి

నేతవాళ్లుండే దాజీ పేట్‌లో మా గోడకు ఆనుకునే యమునాబాయి ఇల్లు. రోజూ పొద్దున్నే వాకిలి ఊడ్చి, మార్కండేయ స్వామి పటానికి దండం పెట్టి, నిప్పుల మీద సాంబ్రాణి వేసేది. ఆ పొగ ముందు దేవుడికి, తర్వాత రాట్నానికి, ఆఖరున దండెం మీది నూలుకు పట్టేది. ఆమె ఈ పని మానిన రోజు నేను చూడలేదు. కండెలు చుట్టి ఇద్దరు పిల్లల్ని పెంచింది. ఎవరింట్లో జొరమొచ్చినా అడగకముందే జొన్నగటక పట్టుకుపోయే మనిషి.

అంత మంచి మనిషికీ ఒక్కచోట కడుపు మండేది. అది రెండో పక్క గోడ అవతల, మరిది భార్య చంద్రభాగ వాకిట్లోని నీలగిరి చెట్టు. ఎండ ఎక్కినకొద్దీ దాని ఆకు వాసన గల్లీ అంతా పరుచుకునేది. మధ్యాహ్నమైతే ఆడవాళ్లంతా బీడీలు చుట్టే చాటలు పట్టుకుని ఆ నీడకే పోయేవాళ్లు. యమునాబాయి వాకిట్లో రాట్నం చప్పుడొక్కటే మిగిలేది. నాటింది మామ, కడవలతో నీళ్లు మోసింది తాను, పంపకాలప్పుడు చెట్టు అటు పోయింది, పేరు మాత్రం చంద్రభాగదా అని నా దగ్గర వాపోయేది. చంద్రభాగ గోడ మీదుగా రోజూ మజ్జిగ చెంబు అందించేది. ఈమె తాగేది, చెంబు కడిగి ఇచ్చేది, మాట మాత్రం కలిపేది కాదు.

పోయిన చైత్రంలో పక్క గల్లీ ఋతుజ ఒక డబ్బా తెచ్చి చంద్రభాగ గోడకు కట్టింది. ఆ పిల్ల కాలేజీలో గాలి గురించి చదువుతుంది. గాలిలోని సన్నటి రేణువుల్ని లెక్కపెట్టే డబ్బా అట. ఆకు వాసనంటే చెట్టు విడిచే ఆవిరేనని, అది ఎండలో, గాలిలోని ఓజోన్‌తో కలిసి మారుతుందని, చిక్కబడి ఒకదానికొకటి అంటుకుని రేణువులవుతుందని అందరికీ చెప్పింది. యమునాబాయి గోడ ఇవతల నిలబడి విన్నది. డబ్బా తన గోడకు రాలేదన్న మంట కొంచెం చల్లారింది.

ఎందుకంటే వారం రోజులుగా ఆమె గంజి పట్టించిన తెల్ల నూలు మీద నల్లటి మచ్చలు పడుతున్నాయి. కార్ఖానా వాళ్లు రెండుసార్లు వాపస్ పంపారు. ఆ మచ్చలు చెట్టు రేణువులవేనని ఆమె నలుగురితో అన్నది. మర్నాటికి గల్లీ అంతా ఒకటే మాట: చంద్రభాగ చెట్టు దుమ్ము పుట్టిస్తుందట, నూలు ఖరాబ్ చేస్తుందట. చాటలు వెనక్కి మళ్లాయి. చంద్రభాగేమో, అక్క పని చెడగొట్టే నీడ నాకెందుకని, గురువారం చెట్టు కొట్టడానికి మనిషిని మాట్లాడింది.

బుధవారం ఋతుజ డబ్బా విప్పుకుపోవడానికి వచ్చింది. యమునాబాయి నూలు తెచ్చి, నలుగురి ముందు చెప్పమని నిలబెట్టింది. యమునాబాయిని పిన్ని వరసన కాకూ అని పిలిచే ఆ పిల్ల ఒక పోగును వేళ్లతో నలిపి వాసన చూసింది.

"చెట్టు రేణువులు వెయ్యి పక్కపక్కన పెట్టినా ఈ పోగంత వెడల్పు కావు, కాకూ. అవి కంటికి కనపడవు. ఇది మసి. నువ్వే చూడు, సాంబ్రాణి వాసనొస్తుంది."

యమునాబాయి పోగును ముక్కు దగ్గర పెట్టుకున్నది. సాంబ్రాణే. ఆకు వాసన తన గడప దాటి రావద్దని కొన్నాళ్లుగా రెండింతల సాంబ్రాణి వేస్తోంది. తడారని నూలుకు నిప్పుల పళ్లెం మరీ దగ్గరగా పెడుతోంది. నేనూ చూశాను. చూసి చెప్పకపోవడం నా తప్పు.

ఋతుజ ఇంకో సంగతి చెప్పింది. బండ్ల పొగ తోడైతే ఆ రేణువులు ఎక్కువవుతాయట. అట్లాగే మబ్బులో నీటిబొట్టు కట్టాలన్నా ఇట్లాంటి రేణువొకటి ఆధారం కావాలట.

"అంటే వానకు గూడ దాని చెట్టేనా?" అన్నది యమునాబాయి.

ఆడవాళ్లు నవ్వారు. ఆమె నవ్వలేదు. ఆ మధ్యాహ్నం రాట్నం తిప్పలేదు. పొద్దువాలుతుండగా కడిగిన చెంబు తీసుకుని, గోడ మీదుగా ఇవ్వకుండా, గల్లీలోంచి చుట్టూ తిరిగి చంద్రభాగ గడప ముందుకు పోయింది.

"రేపు ఆ గొడ్డలాయనను రావద్దను, చెల్లె. నా రాట్నం పెట్టుకునేటందుకు నీ చెట్టు కింద రవ్వంత జాగ ఇయ్యి."