ఎమట్ కలిపిన ఏడాది

ఇంగ్లండు ఉత్తరాన హార్క్‌స్టన్ ఊళ్ళో బీరు కాచి అమ్మే ఎమట్ నోరు మంచిది కాదని అందరూ అనేవారు. ఆమె కాచిన బీరు మాత్రం అమృతం, అందుకని ఆ నోటిని భరించేవారు. తాగిన కుండ కడగకుండా పెట్టి వెళ్ళినవాణ్ణి వీధి చివరిదాకా తిట్టేది. అలాంటి మనిషి కూడా ఏడాదికొక్కరోజు, సెయింట్ బార్నబస్ పండగనాడు, పెదవి విప్పేది కాదు.

ఎందుకో ఊరికి తెలుసు. మిల్లు దగ్గరి వంతెన వరదకి కొట్టుకుపోయిన మరుసటేడు, జూన్ నెల, గడ్డికోతల రోజులు, సరిగ్గా ఆ పండగనాడే. ఎమట్ తొలిచూలు బిడ్డ ఆడమ్ మూడు వారాలన్నా నిండకుండానే జ్వరమొచ్చి పోయాడు. మొగుడు వాట్కిన్ పసివాణ్ణి పాతిపెట్టి శ్మశానం గోడ దాటుతుండగా కోట గంటలు మోగాయి. బాల్డ్విన్ దొరగారికి వారసుడు పుట్టాడట. సాయంత్రానికల్లా గుర్రం మీద మనిషొచ్చి, "పాలున్నాయిగా, బయల్దేరు" అన్నాడు. కడుపారా ఏడవడానికైనా వ్యవధి ఇవ్వలేదు పాపిష్ఠివాళ్ళు. ఆమె తడిసిన రవికెతోనే వెళ్ళి హామన్ దొరబాబుని ఒళ్ళోకి తీసుకుంది.

తీసుకున్నది తీసుకున్నట్టే ఉండిపోయింది. ఆమెకి మళ్ళీ కాన్పు రాలేదు.

ఆ కోట మగాళ్ళకి మంచం మీద చావు రాసిపెట్టి లేదని ఊళ్ళో ఒక మాట ఉండేది. హామన్ తాతని ముట్టడిలో కందకంలో పడేసి చంపారు. చిన్నాన్న నది దాటుతూ గుర్రంతో సహా మునిగిపోయాడు. తండ్రి బాల్డ్విన్ దొర సముద్రం అవతల యుద్ధానికి వెళ్ళి తిరిగి రాలేదు. అప్పటికి హామన్‌కి ఆరేళ్ళు. ఈ మాట తన గుమ్మంలో ఎవడన్నా ఎత్తితే ఎమట్ గరిటె విసిరేది. విసిరి లోపలికెళ్ళి సిలువ గుర్తు వేసుకునేది.

హామన్ తల్లి వేరే దొరని చేసుకుని దక్షిణానికి వెళ్ళిపోయింది. తండ్రిలేని దొరబిడ్డని, వాడి భూముల్ని రాజు ఎవరో ఒకరి చేతిలో పెట్టడం ఆచారం, ఇరవై ఒకటి నిండేదాకా. హామన్‌ని సర్ గోస్లిన్ చేతిలో పెట్టాడు. ఆయన వస్తూనే ఓక్ అడవి నరికించడం మొదలెట్టాడు. ఆ చెట్ల కింద రాలే గింజలు లేక ఊరి పందులకి డొక్కలు ఎండిపోయాయి. అంతకుముందు ఆయన చేతికింద ఇంకో దొరబిడ్డ ఉండేవాడు. వాడికి తన కూతురు హావిస్‌నిచ్చి చేశాడు. చేసిన ఏడాదికే వాడు వేటలో గుర్రం మీంచి పడి మెడ విరిగి చచ్చిపోయాడు. వాడి భూముల్లో మూడోవంతు విధవ వాటాగా హావిస్‌కి మిగిలింది. ఇప్పుడా హావిస్‌నే ఫిబ్రవరిలో కొవ్వొత్తుల పండగకి హామన్‌కి కట్టబెడతానన్నాడు.

సెప్టెంబరులో ఒకరోజు హామన్ వెనక దారిన ఎమట్ ఇంటికొచ్చి పొయ్యి పక్కన చతికిలబడ్డాడు.

"ఆకలేస్తోందమ్మా."

"కోటలో వండటం మానేశారా ఏంటి?"

"వండుతున్నారు. మరొకడెవడన్నా ముందు తిని చూస్తే బాగుండుననిపిస్తోంది."

ఎమట్ చేతిలో రొట్టె అలాగే ఉండిపోయింది. అతను నవ్వుతూనే చెప్పాడు, కానీ పెట్టిన జున్నంతా ఊడ్చిపెట్టి తినేశాడు.

"ఈ జూన్‌కి నాకు ఇరవై నిండాయి. ఇరవై ఒకటి నిండాయని ఊరివాళ్ళు పన్నెండుమంది ప్రమాణం చేస్తే, గోస్లిన్ మూటాముల్లే సర్దుకోవాల్సిందే. పెళ్ళీ ఉండదు, గిళ్ళీ ఉండదు."

"ఫాదరుగారు పుస్తకంలో రాసుకున్నారుగా నాయనా."

"చర్చి కప్పు కాలినప్పుడు ఆ పుస్తకమూ కాలిపోయింది. నేనెప్పుడు పుట్టానో సరిగ్గా తెలిసింది నీకూ, వాట్కిన్‌కీ. మిగతావాళ్ళు నువ్వేమంటే అదే అంటారు. ఒక్క ఏడాదేనమ్మా."

ఆమె ఆ రోజు అతనికి ఏ మాటా ఇవ్వలేదు. కానీ ఆ వారమంతా కాచిన బీరు పులిసిపోతే పారబోసింది.

వాట్కిన్ మెత్తటి మనిషి, పెళ్ళాం గీసిన గీటు దాటడు. ఈసారి మాత్రం అడ్డం తిరిగాడు. "బైబిలు మీద చెయ్యేసి అబద్ధం చెప్పమంటావా? అదీ మన ఆడమ్ పేరు పెట్టి?"

"వంతెన పోయిన ఏడే ఆడమ్‌ని పాతిపెట్టానను. మిగతాదంతా నిజమేగా."

"వాడి చావుని ఏడాది వెనక్కి జరపాలంటే నాకు నోరు రావడం లేదే."

"ఆడమ్ పోయాడు, వీడు ఉన్నాడు! పోయినవాడికి ఏడాది ముందైతేనేం, వెనకైతేనేం?" అని అరిచేసింది ఎమట్. అన్న మరుక్షణమే నాలుక కరుచుకుంది. వాట్కిన్ ఆమె వంక చూడకుండా టోపీ తీసుకుని బయటికి పోయాడు. ఇక ఎదురు చెప్పలేదు.

రాజుగారి అధికారి రాతగాణ్ణి వెంటేసుకుని వచ్చి చర్చిలో కూర్చున్నాడు. దొరబాబు వయసు ఎలా గుర్తుందో ఒక్కొక్కరూ చెప్పాలి. డాబ్ గడ్డివామి మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నది ఆ ఏడేనన్నాడు. పర్కిన్ తన పెళ్ళి ఆ నెలలోనే అయిందన్నాడు. అందరూ ఎవరి ముచ్చట వాళ్ళు ఏడాది వెనక్కి లాగారు. వెనక నిలబడ్డ పర్కిన్ పెళ్ళాం ఊరుకోలేక, "అయితే మొదటి ఏడాది నువ్వు పస్తున్నట్టేగా! నేను వండిపెట్టిన జ్ఞాపకం లేదే" అని గొణిగింది. ఆడవాళ్ళు చేతులడ్డం పెట్టుకుని నవ్వారు.

వాట్కిన్ వంతు వచ్చేసరికి నవ్వులు ఆగిపోయాయి.

"వంతెన కొట్టుకుపోయిన ఏడు, బార్నబస్ పండగనాడు, నా కొడుకు ఆడమ్‌ని పాతిపెట్టాను. శ్మశానం గోడ దాటుతుంటే కోట గంటలు మోగాయి. అందుకే గుర్తుంది" అన్నాడు. కన్నీళ్ళు గడ్డంలోకి కారిపోతున్నాయి. ఏడుపు నిజమే కదా మరి! అధికారి తలవంచుకున్నాడు. రాతగాడు అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నాడు.

స్తంభానికి ఆనుకుని గోస్లిన్ అంతా విన్నాడు. పేచీ పెడతాడనుకుంటే పెట్టలేదు. వెళ్తూ వెళ్తూ వాట్కిన్ ముందు ఆగి, "మంచి జ్ఞాపకశక్తయ్యా మీ ఊరివాళ్ళది. పదిలంగా దాచుకోండి" అన్నాడు. ఆ మాటకి ఎమట్ సిలువ గుర్తు వేసుకుంది.

హామన్ దొర అయ్యాడు. అడవి నరుకుడు ఆగింది, పందులు మేతకి వెళ్ళాయి. ఊరంతా ఎమట్ కుండలు ఖాళీ చేసింది. ఆ సంబరం క్రిస్మస్ దాకా కూడా నిలవలేదు. చుట్టుపక్కల దొరలు రాజు మీద తిరగబడుతూ హార్క్‌స్టన్ దొరకి కబురంపారు. కుర్రదొరగా ఉన్నన్నాళ్ళూ అతని గుమ్మం తొక్కినవాడు లేడు. ఇప్పుడు ఇంటిపెద్ద అయ్యాడు, రానంటే పిరికివాడంటారు.

ఎమట్ గుర్రం కళ్ళెం పట్టుకుని వదల్లేదు. "వెళ్ళకురా నాయనా. మీ నాన్నా ఇలాగే వెళ్ళాడు."

"ముసలాడిలా మంచం మీద పొమ్మంటావా అమ్మా?"

"అవున్రా, అలాగే పొమ్మంటున్నా!"

అతను వంగి ఆమె నుదుటి మీద ముద్దుపెట్టి, వేళ్ళు మెల్లగా విడిపించుకుని వెళ్ళాడు.

మార్చిలో ఒక రేవు దగ్గర దొరలు ఓడిపోయారు. హామన్ ప్రాణాలతో దొరికాడు. రాజు చాటింపు వేయించాడు: ఇరవై ఒకటి నిండనివాళ్ళు పెద్దల మాట విని చెడిపోయిన పిల్లలు, వాళ్ళకి ప్రాణభిక్ష. నిండిన దొరలకి శిరచ్ఛేదం. కబురు విన్న ఎమట్ పొయ్యి మీది కుండ కూడా దించలేదు. మొగుడి చెయ్యి పట్టుకుని బయల్దేరింది. పర్కిన్‌నీ డాబ్‌నీ సాక్ష్యానికి పిలిస్తే, అబద్ధపు ప్రమాణం బయటపడుతుందని తలుపులు తియ్యలేదు. మూడు రోజులు బురదలో నడిచారు.

పట్నంలో రాతబల్ల ముందు కూర్చున్నది మునుపటి రాతగాడే.

"బాబూ, మా హామన్‌కి ఇంకా ఇరవయ్యే. జూన్‌కి గానీ ఇరవై ఒకటి నిండవు. నేను పాలిచ్చినదాన్ని, నాకు తెలీదా?" అంది ఎమట్.

అతను తోలుకాగితపు చుట్ట విప్పి, వేలు పెట్టి వెతికి, పైకి చదివాడు: "వంతెన కొట్టుకుపోయిన ఏడు, బార్నబస్ పండగనాడు, నా కొడుకు ఆడమ్‌ని పాతిపెట్టాను..."

"అబద్ధం చెప్పాను బాబూ," అన్నాడు వాట్కిన్ మోకాళ్ళ మీద పడి. "నా చెయ్యి నరికెయ్యండి. అది మరుసటేడు. నా పెళ్ళాన్ని అడగండి."

రాతగాడు చెడ్డవాడు కాడు. "ఆ రోజు నీ ఏడుపు నేను కళ్ళారా చూశానయ్యా," అన్నాడు. "అలా ఏడ్చేవాడు అబద్ధం చెప్పడు. దొరబాబు మీద ప్రేమకొద్దీ ఇప్పుడు చెబుతున్నావు, నాకు తెలుసు. ఇంటికెళ్ళండి." చుట్ట మళ్ళీ చుట్టేసి దారం కట్టాడు.

మర్నాడు పొద్దున్నే హామన్ తల తీశారు. గుంపులో నిలబడ్డ ఎమట్‌ని అతను చూశాడో లేదో ఆమెకి తెలీదు.

ఊరొచ్చాక ఎమట్ మళ్ళీ బీరు కాచింది. ఎవణ్ణీ తిట్టలేదు. పర్కిన్ కుండ కడగకుండా పెట్టినా తనే కడుక్కుంది. తిడితే బాగుండునని పర్కిన్ కుమిలిపోయాడు.

జూన్ వచ్చింది, గడ్డికోతలు మొదలయ్యాయి. బార్నబస్ పండగనాడు ఎమట్ శ్మశానానికి వెళ్ళింది. వాట్కిన్ గోడ అవతలే ఆగిపోయాడు. ఆమె ఆడమ్ దిబ్బ మీద గడ్డి పీకి, మట్టి సరిచేసి, పక్కన కూర్చుంది. ఏటా ఆ రోజు పెదవి విప్పని మనిషి ఆ రోజు విప్పింది.

"ఇవాళ నీ తమ్ముడికి ఇరవై ఒకటి నిండాయిరా," అంది.